రెండో మలుపు కింద మంద

చెంచయ్య రెండు చేతులతో మొక్క మొదలు పట్టుకొని, ఒక కాలు రాతికి ఆనించి, వెనక్కి వాలి లాగాడు. అది కదల్లేదు. మోకాలెత్తు కూడా లేని బూడిదరంగు పొద. గడ్డపార తెచ్చి చుట్టూ పెకలించి మళ్ళీ లాగితే, పైన జానెడున్న మొక్క కింద మూరెడున్నర వేరుతో ఊడివచ్చింది. వేరు కొసన మట్టి తడిగా ఉంది. ఏడెనిమిది నెలలుగా చినుకు పడని కొండమీద ఆ తడి ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు. కాసేపు మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. వెనక నుంచి ఫోర్‌మన్ కేకేస్తే మొక్కను కుప్పలో వేసి పక్కదాని దగ్గరికి పోయాడు.

ఆ పని ఆరు రోజులు పట్టింది. పద్దెనిమిది మంది మనుషులు, మూడెకరాల వాలు. సౌదీలోని తబూక్ ఊరికి పడమటగా సముద్రం వైపు లేచిన కొండలవి. అక్కడ మంచు మీద జారే పందేలకు బాట కడుతున్నారు. చలికాలంలో ఆ శిఖరాల మీద ఒకటి రెండు రోజులు నిజంగానే మంచు పడుతుంది గానీ, పందెం ఆడేటంత మంచు కావాలంటే యంత్రాలే చేయాలి. ఆ యంత్రాలకు నీళ్ళు సముద్రం నుంచి ఉప్పు తీసి, గొట్టాల్లో కొండెక్కించాలి. పైన ఆటగాళ్ళు బయల్దేరే చోటు, కింద ఆగే చోటు, మధ్యలో కొండను గీరి చదును చేసిన వెడల్పాటి బాట. ఆ బాటకు రెండు మలుపులున్నాయి. చెంచయ్య వాళ్ళు పొదలు పీకింది రెండో మలుపు కింది వాలులో. వాళ్ళు పీకి ముందుకు పోతుంటే వెనకాలే యంత్రం వచ్చి మట్టి తోడేది.

పొదను అక్కడివాళ్ళు షీహ్ అంటారు. దాని వాసన చేతులకు పట్టిందంటే మూడు సార్లు సబ్బు రుద్దినా పోదు. మొదటిరోజు సాయంత్రం క్యాంపులో అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే చెంచయ్యకు దవనం వాసన వచ్చింది. పెళ్ళయిన కొత్తలో రత్తమ్మ మల్లెల మధ్య పెట్టి కట్టుకొనే దవనం. ఆరు రోజులూ అతను అదే వాసనతో అన్నం తిన్నాడు.

చెంచయ్యది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. తండ్రీ తాతా గొర్రెల కాపరులు. వాళ్ళ బతుకు మేపడం ఒక్కటే కాదు, మంద కట్టడం కూడా. పంట కోసిన చేనిలో రైతు పిలిస్తే, మందను తోలుకుపోయి, వల కట్టి, రాత్రంతా అక్కడే నిలబెట్టేవాళ్ళు. తెల్లారేసరికి ఆ నేలచెక్క పెంటికలతో, మూత్రంతో తడిసి ఉండేది. మరుసటి రాత్రి వల పక్కకు జరిగేది. పది పదిహేను రాత్రుల్లో చేనంతా తిరిగి, రైతు పెట్టిన వడ్లో జొన్నలో మూటగట్టుకొని ఇంకో చేనికి పోయేవాళ్ళు. వల ఎంత మేర కట్టాలి, ఏ నేలకు ఎన్ని రాత్రులు పట్టాలి అనేది చెంచయ్య ఎవరి దగ్గరా కూర్చొని నేర్చుకోలేదు. తండ్రి పక్కన గూటాలు పాతుతూ నేర్చుకున్నాడు.

కరువుకు మందలు అమ్ముడుపోయాక సౌదీ వచ్చాడు. హాయిల్ దగ్గర ఒక కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, గొర్రెలు కాశాడు పదకొండేళ్ళు. కఫీలు చనిపోతే కొడుకులు మంద అమ్మేశారు. దేశంలో ఉండడానికిచ్చే ఇఖామా కాగితం మారే దాకా రియాద్‌లో బతా పేటలో ఒక మెస్సులో ఇరవై రోజులు తలదాచుకొని, ఎవరో చెబితే ఈ కొండపనికి వచ్చాడు. మొక్కలు పీకించాక కంపెనీ అతన్ని నర్సరీలో వేసింది. పీకినవాళ్ళ చేతే మళ్ళీ నాటించడం ఏమిటని నీళ్ళ ట్యాంకర్ తోలే షరీఫ్ నవ్వేవాడు. షరీఫ్‌దీ రాయచోటే. చెంచయ్య కన్నా పదిహేనేళ్ళు చిన్న. వయసు తేడా చూడకుండా మామా అంటూ నోరు చేసుకొనేవాడు.

వాలు గీరిన సంవత్సరం మొదటి వానకే సంగతి తెలిసిపోయింది. పొదలున్నన్నాళ్ళు నీళ్ళు పట్టుకొని మెల్లగా దిగవిడిచిన కొండ, ఇప్పుడు మట్టిని కూడా కలుపుకొని కిందికి వదిలింది. వాలు కింద ఒక బిర్కా ఉంది. కొండరాతిలో తొలిచిన నీళ్ళ తొట్టి. దావూద్ అనే బెదూ, అంటే ఎడారి కాపరి, ముసలాయన తాత తొలిచాడట. దావూద్ మంద ఆ తొట్టినీళ్ళమీదే ఎండాకాలం దాటేది. ఆ వానకు తొట్టిలో నడుములోతు బురద నిండింది. దావూద్, ఆయన కొడుకులు వారం రోజులు తట్టలతో ఎత్తిపోశారు. చెంచయ్య రెండు శుక్రవారాలు సెలవు రోజున పోయి వాళ్ళతో పాటు తట్టలు మోశాడు. ఎందుకొచ్చావని దావూద్ అడగలేదు. ఖర్జూరాలూ గహ్వా కాఫీ పెట్టి, సదీక్ అని పిలవడం మొదలుపెట్టాడు. స్నేహితుడా అని.

కంపెనీ ఊరకే కూర్చోలేదు. పచ్చరంగు జావలో గింజలు కలిపి గొట్టంతో వాలుమీద చల్లించింది. మొదటిసారి చల్లింది వానకు కొట్టుకుపోయింది. రెండోసారి చల్లింది గాలికి ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. నర్సరీ మొక్కలు రెండొందలు పెడితే పదకొండు మిగిలాయి. సైట్‌లో పర్యావరణం పనులు చూసే రమేష్, బాపట్ల అబ్బాయి, ఆఫీసు నుంచి వచ్చిన మాట చెప్పాడు. ఫిబ్రవరిలో తనిఖీ. అప్పటికి చదరపు మీటరుకు నాలుగు మొక్కలైనా లేకపోతే వాలు మొత్తం మీద ఇనుపజాలీ పరిచి సిమెంటు చల్లేస్తారు. మట్టి దిగదు. నీళ్ళు మాత్రం సిమెంటు మీద జారి కంపెనీ కాలువలోకే పోతాయి. బిర్కాకు చుక్క రాదు.

ఆ మాట విన్నప్పుడు చెంచయ్య నారుసంచుల్లో మట్టి నింపుతున్నాడు. తన చేత్తో పీకిన వాలు సిమెంటు కింద పోతుందనే మాట అతనికి మింగుడుపడలేదు. మూడోరోజు రమేష్ జీపు దగ్గరికి పోయి, అక్కడ మేకల మంద కట్టిస్తే నేల పట్టు వస్తుందని చెప్పాడు. పెంటికలు నేలకు బలం, గిట్టలు గింజను నేలలోకి తొక్కుతాయి, మూత్రం మట్టిని బిగిస్తుంది. గింజను బయటినుంచి తేనక్కరలేదు, మేక కడుపులోనే వస్తుంది.

రమేష్ నవ్వలేదు గానీ జీపు తలుపు తీసినవాడు మళ్ళీ మూసేశాడు.

“చెంచయ్య గారూ, కొండ చుట్టూ కంచె వేసిందే మేకలు రాకుండా. వాటివల్లే పచ్చదనం పోయిందని నేనే రెండు రిపోర్టులు రాశాను. ఇప్పుడు వాటినే లోపలికి తోలమంటే ఏం రాయనండీ?”

“రాసేది మీరు నాకంటే బాగా రాస్తారు సార్. కట్టేది నాకు తెలుసు. అర ఎకరా ఇప్పించండి, బిర్కా పైనుండేది. పద్నాలుగు రోజులు చాలు.”

రమేష్ చెడ్డవాడు కాదు. అదీగాక అతని దగ్గర ఇంకో ఉపాయం లేదు. తనిఖీకి వచ్చే అధికారి డాక్టర్ సుల్తానాకు ఉత్తరం పెట్టాడు. తబూక్ ఆవిడే. మొక్కలమీద చదువుకుంది. కంచె కావాలని పట్టుబట్టినవాళ్ళలో ఆవిడా ఉంది. వారానికి జవాబు వచ్చింది: అర ఎకరా, పద్నాలుగు రాత్రులు, తాను పాతించే గూటాల హద్దు దాటి ఒక్క మేక కూడా రాకూడదు.

దావూద్ నూటనలభై తలల మందను ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. షరీఫ్ ట్యాంకర్ మీద వల, గూటాలు చేర్చాడు. దించుతూ, “పాస్‌పోర్టు చేయించుకొని, విమానమెక్కి, పన్నెండేండ్లు తిరిగి మళ్ళా మేకల కాడికే వస్తివే మామా. ఈమాత్రానికి రాయచోటి చాల్లేదా?” అన్నాడు. చెంచయ్య గూటం కొట్టడం ఆపకుండా, రాయచోటిలో మేకలకు నీ మాదిరి నోరుండదులే అన్నాడు.

ఆ సాయంత్రం ఫోన్‌లో రత్తమ్మకు చెప్పాడు. ఆమెదీ కాపరుల ఇల్లే. మందలో ఎన్ని ఉన్నాయి, వల ఎంత పొడుగు, నేల ఎట్లుంది అని వరసగా అడిగి, “యాడ మేపుతాండారు?” అంది. చెంచయ్య ఆ మాటకు జవాబు చెప్పకుండా, బెదూ మంద, వాళ్ళ మేత వాళ్ళు చూసుకుంటారు అన్నాడు. ఆమె ఊఁ అని ఊరుకుంది.

మొదటిరోజు తెల్లారి పోయి చూస్తే పెంటికలు అక్కడ లేవు. సగం జారి కింది గూటాల దగ్గర కుప్పపడ్డాయి. చెంచయ్య తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. అతను ఎప్పుడూ కట్టింది చదునైన చేలల్లో. ఇది కొండవాలు. ఆరోజంతా ఒక్కడే రాళ్ళు ఏరి, వాలుకు అడ్డంగా, నీళ్ళ మట్టం పట్టినట్టు వరసలు పేర్చాడు. బెత్తెడెత్తు వరస, మూడడుగులకు ఒకటి. సిమెంటు లేదు, మట్టి లేదు, రాయికి రాయి ఆనించి పెట్టడమే. రెండోరోజు నుంచి పెంటికలు వరసల వెనక ఆగాయి. షరీఫ్ కూడా రెండు సాయంత్రాలు రాళ్ళు మోశాడు, మోసినంతసేపూ సణుగుతూ.

పద్నాలుగు రోజులూ పని ఒకే తీరు. పొద్దు వాలేవేళకు దావూద్ మందను తోలుకొచ్చేవాడు. మేకలు వలలోకి పోయాక కొడుకులు రెండు సంచుల బార్లీ తొట్లలో పోసేవాళ్ళు. మేకలు ఎగబడి తినేవి. చెంచయ్య దాన్ని రోజూ చూశాడు. చూస్తూనే వల బిగించుకుంటూ, గూటాలు సరిచేసుకుంటూ ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో మంద ఏ కొండకు పోయి మేస్తే ఆ కొండ గింజే తెచ్చేది. సంచిలో నుంచి తినే మందను అతను ఊరిలో ఎరగడు. హాయిల్‌లో తన కఫీలు గొర్రెలకూ సంచి మేతే వేశాడు, కానీ అక్కడ మంద కట్టలేదు. రెండు సంగతులూ అతని బుర్రలో వేరువేరు చోట్ల ఉన్నాయి. ఒకదాని పక్కకు ఒకటి రాలేదు.

డిసెంబరులో మంచి వాన పడింది. అర ఎకరం నుంచి బిర్కాలోకి దిగిన నీళ్ళలో బురద తక్కువగా ఉంది. పక్కనున్న వాలు నుంచి ఎర్రటి బురద కంపెనీ కాలువ నింపేసింది. జనవరి రెండోవారానికి అర ఎకరం పచ్చబడింది. చుట్టూ ఎర్రకొండ, మధ్యలో చాప పరిచినట్టు పచ్చ. ఆఫీసువాళ్ళు జీపుల్లో వచ్చి ఫొటోలు తీసుకున్నారు. రమేష్ చదరపు మీటరుకు ముప్ఫై ఒకటి లెక్కపెట్టి, తనిఖీలో ఇది చూపిస్తే వాలు మొత్తానికి సిమెంటు తప్పుతుందని చెప్పాడు. దావూద్ ఒక మేకపోతును కోసి అందరికీ కబ్సా, మాంసం కలిపి వండిన అన్నం, పెట్టాడు.

చెంచయ్య కూడా తిన్నాడు. మరుసటిరోజు పొద్దున ఒక్కడే పోయి వాలుమీద మోకాళ్ళమీద కూర్చొని ఒక మొక్కను పీకాడు. దానికోసం కాలు తన్నిపెట్టనక్కరలేదు. రెండువేళ్ళతో పట్టుకుంటే వచ్చేసింది. బెత్తెడు వేరు. వేరు మొదట్లో గింజ పొట్టు ఇంకా అంటుకొని ఉంది. దాన్ని గోటితో విప్పి చూశాడు. బార్లీ. ఇంకోటి పీకాడు. అదీ బార్లీయే. ఇరవై పీకాడు, అక్కడొకటి ఇక్కడొకటి, హద్దు ఈ మూల నుంచి ఆ మూల దాకా. పద్దెనిమిది బార్లీ, రెండు ఏదో పశువుల గడ్డి. మేకలు నమలగా మిగిలినవి కొన్ని అయుంటాయి. మూతుల నుంచి రాలి గిట్టల కింద తొక్కుడుపడ్డవే ఎక్కువ.

రత్తమ్మ అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఏప్రిల్ ఎండకు ఈ పచ్చ మొత్తం చుట్టచుట్టుకొని పోతుంది. వేరు లేని నేల మళ్ళీ వదులవుతుంది. ఈసారి బురదకు పెంటిక కూడా తోడవుతుంది, అదంతా బిర్కాలోకి దిగుతుంది. అప్పుడు మేకలవల్లే పోయిందని అంటారు. తప్పు కాదు కూడా. ఇంకెప్పుడూ ఒక్క మేకను కంచె దాటనివ్వరు. ఇప్పుడు నోరు మూసుకుంటే మూడెకరాలకూ ఒక ఏడు సిమెంటు తప్పుతుంది. నోరు తెరిస్తే రెండువారాల్లో పడుతుంది. ఈ లెక్క చెంచయ్య ఎన్ని తీర్లుగా వేసినా మారలేదు. షరీఫ్‌కు చెబితే, ఎవరడిగినారు మామా, లెక్కపెట్టేది వాళ్ళు, పచ్చగా ఉంటే పచ్చ అని రాసుకుంటారు, నువ్వెందుకు మధ్యలో అన్నాడు. రమేష్‌కు చెబితే అతను తనిఖీ అయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు.

డాక్టర్ సుల్తానా ఫిబ్రవరి మొదటివారంలో వచ్చింది. నడివయసు మనిషి, నల్ల అబాయా కింద కొండెక్కే బూట్లు. మొక్కలు లెక్కపెట్టే చదరపు మీటరు చట్రాన్ని తానే మోసుకొని వాలంతా తిరిగింది. రమేష్ వెనకాలే కాగితాలతో తిరిగాడు. చెంచయ్య వల పక్కన నిలబడ్డాడు. ఆవిడ తిరిగి వచ్చి, బాగుంది, ఎవరు కట్టారు అని అడిగితే రమేష్ చెంచయ్యను చూపించాడు. ఆవిడ షుక్రన్ అని కృతజ్ఞత చెప్పింది. అక్కడితో అయిపోయేది.

చెంచయ్య వంగి కాళ్ళ దగ్గరున్న మొక్కను పీకి, మట్టి దులిపి, అరచేతిలో పెట్టి ఆవిడ ముందుకు చాపాడు. అతనికి వచ్చిన అరబ్బీ హాయిల్ గొర్రెల దగ్గర నేర్చుకున్నది.

“మేడమ్, ఇది మీ కొండది కాదు. సంచిది.”

ఆవిడ మొక్కను తీసుకొని పొట్టు చూసింది. ఆవిడకు తెలియక కాదు. చట్రంలో పడ్డవి ఏ జాతివో రాసే గడి ఆ కాగితంలో లేదు. ఎన్ని అన్నదే ఉంది.

“ఇది చెప్పకపోతే నీకు పోయేదేముంది?” అంది.

“ఎండకు పోతుంది. అప్పుడు నేను కట్టిన మందకు పేరు చెడుతుంది.”

“చెప్పావు. ఇప్పుడు ఏం చేయమంటావు?”

చెంచయ్య రెండువారాలుగా దాచిపెట్టుకున్నదంతా అప్పుడు చెప్పాడు. కంచె వేశారు కాబట్టి మందకు కొండమేత లేదు. కొండమేత లేదు కాబట్టి సంచిమేత తిన్నాయి. సంచిమేత తిన్నాయి కాబట్టి సంచిగింజ మొలిచింది. కంచెలో ఒక చోట గేటు తీసి, అవతలి లోయలో రతమ్, షీహ్ పొదలకు గింజ పట్టినప్పుడు కొన్నాళ్ళు మేపనిస్తే, అదే గింజను తెచ్చి ఇక్కడ పోస్తాయి. మేపేటప్పుడు తాను వెంట ఉంటాడు. ఒక పొదను రెండోసారి కొరకనివ్వడు.

ఆవిడ కంచెవైపు చూసింది. అది ఆవిడ ఆరేళ్ళు వాదించి వేయించుకున్న కంచె. అర ఎకరానికి మాత్రం వచ్చే తనిఖీ దాకా గడువు రాసి, మిగతా వాలు సంగతి తన చేతిలో లేదని చెప్పి వెళ్ళిపోయింది.

రెండున్నర ఎకరాలకు సిమెంటు నాలుగు రోజుల్లో పడింది. యంత్రం మోత క్యాంపు దాకా వినపడేది. దావూద్ ఆ నాలుగు రోజులూ గుడారం బయటికి రాలేదు. తర్వాత చెంచయ్య పోతే గహ్వా పోశాడు గానీ సదీక్ అనలేదు. తొట్టికి రావలసిన నీళ్ళలో చాలా భాగం ఒక్క మాటతో పోగొట్టావని కొడుకు చేత అనిపించాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఏప్రిల్‌లో బార్లీ ఎండింది. అతను చెప్పినట్టే చుట్టచుట్టుకొని, గాలికి లేచిపోయింది. దావూద్ ఆరోజు వాలు దగ్గరికి నడిచివచ్చి, ఎండిన గడ్డిని గుప్పిట్లో నలిపి చూసి, చెంచయ్య పక్కన రాతిమీద కూర్చున్నాడు. ఇది కొండ మొక్కేనని చూపించి ఉంటే, ఎండిపోయాక ఈ ఏడు నా మందను కూడా తరిమేవాళ్ళు అన్నాడు. సదీక్ మళ్ళీ అన్నాడు.

మే నెలాఖరుకు గేటు తీయడానికి అనుమతి వచ్చింది. డాక్టర్ సుల్తానా ఏం వాదించిందో, ఎవరితో వాదించిందో రమేష్‌కు కూడా సరిగ్గా తెలియదు. తాళం చెవి ఒక్కటే, అది చెంచయ్య పేరు మీద.

రతమ్ కాయలు ఎండి గలగలలాడే కాలమది. తెల్లటి పూలు పూసే చీపురు లాంటి పొద. కాయల్ని మేకలు ఇష్టంగా తింటాయి. చెంచయ్య మొదటి నాలుగు రోజులు మందను లోయలో మేపాడే గానీ వాలుమీద కట్టలేదు. పొద్దున్నే దొడ్డిలోకి పోయి పెంటికలు ఏరి, రాతిమీద పెట్టి గోటితో విప్పేవాడు. మొదటిరోజు బార్లీ పొట్టు. రెండోరోజు బార్లీ, ఒకటి రెండు రతమ్ గింజలు. కడుపులో పాతమేత తీరేదాకా పాతగింజే వస్తుంది. దావూద్ కూడా పక్కన కూర్చొని విప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరు ముసలాళ్ళు పెంటికలు విప్పుకుంటూ కూర్చున్నారని షరీఫ్ ఫోటో తీసి రాయచోటికి పంపాడు. రత్తమ్మ ఆ ఫోటో చూసి, ఇప్పుడు సరిగ్గా చేస్తాండావు అందట.

ఐదోరోజు విప్పిన ఇరవై పెంటికల్లో బార్లీ పొట్టు ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం వల కట్టాడు.

బార్లీ తొట్లు ఈసారి వాలు దరిదాపుల్లోకి రానివ్వలేదు. రాళ్ళవరసలు జారినచోట సరిచేశాడు. పద్నాలుగు రాత్రులు మంద తిరిగింది. నవంబరు చివర షీహ్ గింజ పట్టినప్పుడు ఇంకో పద్నాలుగు రాత్రులు. షీహ్ గింజ నువ్వుగింజలో పదోవంతు కూడా ఉండదు. అది కడుపులో మిగులుతుందో లేదో చెంచయ్యకు నమ్మకం లేదు. బొచ్చుకు, గిట్టలకు అంటుకొని వచ్చినా చాలనుకున్నాడు. అది ఎట్లా వస్తుందనేది తనకు తెలియదని డాక్టర్ సుల్తానాకు పోయే కాగితంలో రమేష్ చేత రాయించాడు.

వాన డిసెంబరులో రాలేదు. జనవరిలో రెండు రోజులు కొండమీద మంచు పడి కరిగింది. పైన బాటమీద యంత్రాలు మంచు చేసి చూసుకుంటున్నాయి. వాటి మోత గాలి తిరిగినప్పుడల్లా కిందికి వచ్చేది. కరిగిన మంచునీళ్ళు అర ఎకరం మీద రాళ్ళవరసల వెనక నిలిచి, మెల్లగా ఇంకి, చివరికి బిర్కాలోకి తేటగా దిగాయి. పక్కన సిమెంటు మీది నీళ్ళు ఒక్క పూటలో కాలువలోకి పరుగెత్తిపోయాయి. దావూద్ తొట్టిలోకి కట్టె దించి చూశాడు. ఎప్పుడూ నిండేదాంట్లో మూడోవంతు. బురద మాత్రం లేదు.

పచ్చదనం ఈసారి దూరానికి కనపడలేదు. ఫొటోలు తీయడానికి ఎవరూ రాలేదు. మోకాళ్ళమీద కూర్చొని మొహం నేలకు ఆనిస్తే తప్ప తెలియదు. రాళ్ళవరసల వెనక, పెంటికలు పగిలినచోట, సూదిమొన లాంటి రతమ్ మొలకలు. వాటి మధ్య అక్కడక్కడ చిన్న బూడిదరంగు ఆకులు. చెంచయ్య ఒక ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. దవనం.

పీకలేదు.

మార్చిలో డాక్టర్ సుల్తానా మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితంలో జాతి పేరు రాసే గడి కూడా ఉంది, ఆవిడే పెట్టించింది. మూడుపూటలు పట్టింది. చదరపు మీటరుకు చాలాచోట్ల ఐదారు వచ్చాయి, కొన్నిచోట్ల రెండే, కింది మూల ఒకటీ లేదు. సగటున నాలుగుకు కొంచెం పైన తేలింది. షీహ్ ఉన్నచోట ఆవిడ ఎరుపు చుక్క పెట్టుకుంది. చివరికి లేచి మోకాళ్ళు దులుపుకొని, ఎండాకాలం దాటితేనే దాటినట్టు అంది. చెంచయ్య అవునన్నాడు.

ఈ అర ఎకరానికి సిమెంటు రద్దని కాగితం రాసింది. రెండో మలుపు పైనున్న ఇంకో రెండెకరాల గీరిన నేలకు, వచ్చే మే నుంచి ఇదే పద్ధతి. మంద దావూద్‌ది. పని చూసుకొనేది కూడా ఆయనే, కంపెనీ జీతం మీద. చెంచయ్య ఒప్పందం ఆ నెలతో అయిపోతోంది. రమేష్ పొడిగింపు అడిగాడు గానీ ఆఫీసు నుంచి జవాబు రాలేదు.

ఆరోజు సాయంత్రం అతను వల విప్పాడు. చిరిగినచోట్ల ముళ్ళు వేసి, దుమ్ము దులిపి, కొస నుంచి చుట్టి గోనెలో పెట్టాడు. గూటాలకు అంటిన మట్టి రాతికి కొట్టి రాల్చి, పదేసి కట్టలు కట్టాడు. దావూద్, కొడుకులు వచ్చి నిలబడ్డారు. వాలుకు వరసలు ఎంత ఎడంలో పేర్చాలో కాలితో నేలమీద కొలిచి చూపించాడు. మేత మార్చాక ఎన్నోరోజు నుంచి కట్టాలో చెబితే, దావూద్ చెయ్యెత్తి ఆపి, జేబులోంచి నాలుగు పెంటికలు తీసి రాతిమీద పెట్టి, ఒక్కొక్కటీ గోటితో విప్పి చూపించాడు. చెంచయ్య వంగి చూసి తల ఊపాడు.

షరీఫ్ ట్యాంకర్ హారన్ కొట్టాడు. చెంచయ్య గోనెను ఎత్తి దావూద్ పెద్దకొడుకు భుజం మీద పెట్టాడు. అందరితో గేటు దాకా నడిచి, మెడలో తాడుకున్న తాళంచెవిని తీసి, తాళం ఒకసారి తీసి వేసి చూసి, చెవిని దావూద్ చేతిలో పెట్టాడు.